బ్యాంకు నుంచి 13(2) నోటీసు వచ్చిందా? ఇల్లు వేలానికి వెళ్లకముందు వరసగా చేయాల్సిన పనులు

“ఫోర్‌క్లోజర్ నోటీసు వచ్చింది, ఇల్లు పోయినట్టేనా?” అని అడిగేవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది వేరే కాగితం. ముందు అదేమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ మాట మన దగ్గర మూడు పనులకు వాడుతున్నారు.

గడువుకు ముందే మిగిలిన అప్పంతా కట్టి లోను మూసేయడాన్ని బ్యాంకులు ఫోర్‌క్లోజర్ అంటాయి. ఫలానా తేదీకి ఎంత కడితే లోను తీరుతుందో చెప్పేది ఫోర్‌క్లోజర్ లెటర్. అది మీరు అడిగి తెచ్చుకునే కాగితం, భయపడాల్సిన పని లేదు. రెండోది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 67వ సెక్షన్‌లో ఉంది. అప్పిచ్చినవాడు సివిల్ కోర్టుకు వెళ్లి, తాకట్టు విడిపించుకునే హక్కు అప్పు తీసుకున్నవాడికి ఇక లేదని డిక్రీ తెచ్చుకోవడం. షరతుతో కూడిన అమ్మకం రూపంలో పెట్టిన తాకట్టుల్లో తప్ప ఇది పెద్దగా కనిపించదు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న ఇంటి లోనుకు ఇది వర్తించదు.

నిజంగా ఇంటి మీదికి వచ్చేది మూడోది, 2002 నాటి సర్ఫేసీ చట్టం. 13(2) నోటీసు దీని కిందదే. కోర్టులో దావా వేయకుండానే బ్యాంకు నోటీసిచ్చి, ఆస్తి స్వాధీనం చేసుకుని, వేలం వేసుకోవచ్చు. సహకార బ్యాంకులకూ ఈ అధికారం ఉందని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఇక్కడ చెప్పేదంతా దీని గురించే.

మొదటే మనసులో పెట్టుకోవాల్సింది ఒకటుంది. మీ ఆఖరి గడువు వేలం జరిగే రోజు కాదు. వేలం ప్రకటన వెలువడేలోపే బాకీ మొత్తం కట్టాలి. వేలం రోజు పొద్దున డబ్బు సంచితో వెళ్లినా చట్టం మీ పక్షాన ఉండదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వచ్చిన నోటీసు, దాని కవరు. పోస్టు ముద్ర మీద తేదీ కనపడాలి.
- లోను మంజూరు పత్రం, లోను ఒప్పందం.
- లోను మొదలైన రోజు నుంచి ఇప్పటిదాకా పూర్తి స్టేట్‌మెంట్.
- బ్యాంకులో పెట్టిన దస్తావేజుల జాబితా.
- తాజా ఈసీ, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తాకట్టులు చూపే పత్రం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.
- వాయిదాలు కట్టిన రసీదులు, బ్యాంకుతో నడిచిన ఈమెయిళ్లు.
- ఒక నోటుబుక్కు. ఏ తేదీన ఏ కాగితం వచ్చింది, మీరు ఏది పంపారు అన్నది అందులో రాస్తూ పోండి. రేపు రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తే లాయరు మొదట అడిగేది ఈ తేదీలే.

1. నోటీసు ఏ సెక్షన్ కిందదో చూసి తేదీలు లెక్కగట్టండి

వాయిదా 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాతే బ్యాంకు 13(2) కింద డిమాండ్ నోటీసు ఇవ్వగలదు. అందులో ఎంత బాకీ ఉంది, ఏ ఆస్తి మీదికి వెళ్లబోతున్నారు అన్న వివరాలు ఉండి తీరాలి. కట్టడానికి 60 రోజుల గడువిస్తారు. నోటీసు మీద ఉన్న తేదీ నుంచే లెక్క వేసుకోండి, అదే క్షేమం. నోటీసు తేదీ జూన్ 10 అయితే ఆగస్టు 9తో 60 రోజులు నిండుతాయి.

కాగితం మీద 13(4) (ఆస్తి స్వాధీనానికి సంబంధించిన సెక్షన్) అనో, స్వాధీన ప్రకటన అనో ఉంటే మొదటి మెట్టు దాటిపోయినట్టు. నేరుగా 6వ అంశానికి వెళ్లండి. కేవలం ‘లీగల్ నోటీసు’ అని ఉండి సర్ఫేసీ ప్రస్తావన లేకపోతే ఈ గడువులు ఇంకా మొదలుకాలేదు. అయినా కూర్చోకండి, 3వ అంశంలోని లెక్క పని ఇప్పుడే మొదలుపెట్టండి.

రిజిస్టర్డ్ పోస్టు తీసుకోకుండా తిప్పి పంపితే నోటీసు అందనట్టే అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. తప్పించుకుంటున్నారని తోస్తే తలుపుకు అంటించి, రెండు పత్రికల్లో వేస్తారు. వాటిలో ఒకటి స్థానిక భాషది, అంటే మన దగ్గర తెలుగుది. గడువు నడుస్తూనే ఉంటుంది, లోపల ఏముందో తెలియనిది మీకొక్కరికే.

హామీ సంతకం పెట్టినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. చట్టంలో ‘రుణగ్రహీత’ అన్న మాటలో హామీదారు కూడా ఉన్నాడు. బావమరిది లోనుకు మీ ఇంటి కాగితాలు పెట్టి ఉంటే నోటీసు మీ పేరన కూడా వస్తుంది, అభ్యంతరం చెప్పే హక్కు మీకూ ఉంటుంది.

2. అసలు ఈ చట్టం మీ ఆస్తికి వర్తిస్తుందా చూడండి

31వ సెక్షన్ కొన్నిటిని మినహాయించింది. అప్పు లక్ష రూపాయలకు మించకపోతే ఈ చట్టం కింద వసూలు కుదరదు. కట్టాల్సింది అసలు, దాని మీది వడ్డీ కలిపిన మొత్తంలో 20 శాతం కన్నా తక్కువే మిగిలి ఉన్నా కుదరదు. ఫైనాన్స్ కంపెనీ అయితే దాని ఆస్తుల విలువ 100 కోట్లు ఉండాలి, మీ లోను 20 లక్షలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి.

వ్యవసాయ భూమి మీద తాకట్టూ మినహాయింపే. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ తగాదాలు ఇక్కడే. పాస్‌బుక్‌లో సాగు భూమి అని రాసి ఉంటే చాలనుకుంటారు, చాలదు. రికార్డుల్లో ఏముందన్నది ఒక్కటే కాదు, భూమిని నిజంగా సేద్యానికి వాడుతున్నారా అన్నది చూడాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, సాగు భూమేనని నిరూపించాల్సిన బాధ్యత అప్పు తీసుకున్నవాళ్లదేనని 2023లో తీర్పిచ్చింది. కాబట్టి పంట నమోదు, విత్తనాలు ఎరువుల బిల్లులు, ధాన్యం అమ్మిన రసీదులు, తేదీ పడే ఫోటోలు ఇప్పుడే పోగుచేయండి. ప్లాట్లు వేసి రాళ్లు పాతిన భూమికి ఈ వాదన నిలవదు.

ఇంకొకటి: తాకట్టును సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో నమోదు చేయకుండా బ్యాంకు ఈ చట్టం కింద స్వాధీనానికి దిగకూడదు. సెర్సాయ్ వెబ్‌సైట్‌లో ఆస్తి వివరాలతో ఎవరైనా వెతకొచ్చు. వెతికి, ఆ పేజీ ప్రింటు తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.

3. బాకీ లెక్క మీరే వేయండి

నోటీసులోని అంకెను నమ్మకండి, అలాగని అబద్ధమనీ అనుకోకండి. స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని వరసగా చూడండి.

- మీరు కట్టిన ప్రతి వాయిదా జమ అయిందా? చెక్కు బౌన్సు తర్వాత నగదుగా కట్టినవి తరచూ మీ లోనుకు చేరకుండా సస్పెన్స్ ఖాతా అనే తాత్కాలిక ఖాతాలో ఉండిపోతాయి.
- వడ్డీ రేటు ఎప్పుడెప్పుడు మారింది? ఒప్పందంలోని పద్ధతికి సరిపోతోందా?
- జరిమానా ఎలా వేశారు? ఆలస్యానికి అదనపు వడ్డీ వేసి అసలులో కలపడం కుదరదు, విడి జరిమానాగానే చూపాలని, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. 2024 నుంచి ఇది అమల్లో ఉంది.
- ఎన్‌పీఏ తేదీ సరైనదేనా? ఎప్పటి వాయిదా నుంచి బాకీ పడిందో చూసి 90 రోజులు మీరే లెక్కపెట్టండి.
- మీరు అడగని బీమా ప్రీమియం, తనిఖీ ఛార్జీలు లోనులో కలిపారా?

నలభై లక్షల బాకీలో మూడు వేల తేడా పట్టుకుని పోరాడితే లాభం లేదు. వాయిదాలు జమ కాకపోవడం, ఎన్‌పీఏ తేదీ తప్పు, ఆస్తి వివరాల్లో సర్వే నంబరో ఫ్లాట్ నంబరో తేడా, ఇలాంటివే పనికొస్తాయి.

4. 13(3ఏ) కింద అభ్యంతరం రాసి ఇవ్వండి

చాలామంది ఈ మెట్టును వదిలేస్తారు. 60 రోజుల లోపల మీరు అభ్యంతరం రాసిస్తే, అది అందిన 15 రోజుల్లో బ్యాంకు కారణాలు చూపిస్తూ జవాబివ్వాలి. జవాబివ్వకుండా ముందుకెళ్తే రేపు ట్రిబ్యునల్‌లో అది మీకు గట్టి ఆధారం అవుతుంది. జవాబు మీకు నచ్చకపోయినా ఆ జవాబు మీదే ట్రిబ్యునల్‌కు వెళ్లలేరు, 13(4) చర్య తీసుకున్నాకే వెళ్లగలరు.

రాసే పద్ధతి ఇలా ఉండొచ్చు:

“తేదీ ____ నాటి మీ 13(2) నోటీసుకు సర్ఫేసీ చట్టం 13(3ఏ) కింద నా అభ్యంతరాలు ఇవి. ఒకటి: ____ తేదీన కట్టిన ____ రూపాయలు ఖాతాలో జమ కాలేదు, రసీదు జతచేశాను. రెండు: ఖాతా ____ నాటికి 90 రోజుల బాకీలో లేదు, లెక్క జతచేశాను. నోటీసు వెనక్కి తీసుకోవాలని, 15 రోజుల్లో కారణాలతో లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.”

నోటీసు మీద సంతకం చేసిన అధీకృత అధికారి పేరనే పంపండి. రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి, ఈమెయిల్లో ఒకటి, బ్రాంచిలో చేతికిచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకున్నది ఒకటి. ముద్ర వేయబోమని వాళ్లంటే పోస్టు రసీదే దిక్కు.

గడువు కోరడం, సెటిల్‌మెంట్ అడగడం లాంటివి ఈ ఉత్తరంలో కలపకండి. “బాకీ నిజమే, దయచేసి గడువివ్వండి” అన్న వాక్యం పక్కనే “లెక్క తప్పు” అని రాస్తే రెండోది తేలిపోతుంది. పైగా బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే వసూలుకు ఉన్న కాలపరిమితి ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది. సెటిల్‌మెంట్‌కు వేరే ఉత్తరం రాయండి.

5. అదే సమయంలో డబ్బు దారి చూసుకోండి

ఉత్తరాలు సమయం తెస్తాయి, అప్పు తీర్చవు. దారులు మూడు.

వాయిదాల బాకీ మొత్తం కట్టడం. అసలు, వడ్డీ బకాయిలన్నీ కడితేనే ఖాతా మళ్లీ మామూలు స్థితికి వస్తుందని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో స్పష్టం చేసింది. ఒకటి రెండు వాయిదాలు కడితే ఎన్‌పీఏ తొలగదు. కట్టేముందు “ఇంత కడితే 13(2) నోటీసు వెనక్కి తీసుకుంటాం” అని రాతపూర్వకంగా తీసుకోండి. మేనేజరు నోటిమాట ఆయన బదిలీతో పోతుంది.

ఏకమొత్తం సెటిల్‌మెంట్, అంటే ఓటీఎస్. ఎంత తగ్గిస్తారన్నది బ్యాంకు ఇష్టం, మీకు హక్కు కాదు. మంజూరు పత్రంలో మొత్తం, చివరి తేదీ, ఆలస్యమైతే ఏమవుతుందన్నది చదవండి. ఒక్క రోజు దాటినా రాయితీ రద్దయ్యే షరతు మామూలుగా ఉంటుంది. క్రెడిట్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది, తర్వాత లోను దొరకడం కష్టం.

మీరే అమ్ముకోవడం. నా అభిప్రాయంలో వాయిదాలు ఇక కట్టలేనివాళ్లకు ఇదే మేలు, ఎందుకంటే వేలంలో ధర తరచూ మార్కెట్ కన్నా తక్కువ పలుకుతుంది. అయితే 13(2) నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మడం, లీజుకివ్వడం 13(13) ప్రకారం నిషేధం, శిక్ష కూడా ఉంది. భార్య పేరనో కొడుకు పేరనో గిఫ్ట్ డీడ్ రాస్తే ఇల్లు దక్కదు, కేసు మాత్రం అదనంగా వస్తుంది. సరైన పద్ధతి ఇది: బ్యాంకు దగ్గర ఫోర్‌క్లోజర్ లెటర్, అమ్మకానికి సమ్మతి పత్రం తీసుకోవాలి. కొనేవాళ్లు బాకీ మేరకు సొమ్మును నేరుగా లోను ఖాతాకే డీడీగా ఇవ్వాలి. మిగిలింది మీకు. కొనేవాళ్లూ లోను తీసుకుంటుంటే రెండు బ్యాంకులు మాట్లాడుకోవడానికే వారాలు పడుతుంది, అందుకే మొదటి నెలలోనే బేరం మొదలుపెట్టాలి.

రికవరీ ఏజెంటు చేతికి నగదు ఇవ్వకండి. వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా పెట్టుకోవచ్చు. అంబుడ్స్‌మన్ ఫిర్యాదుతో స్వాధీనం గానీ వేలం గానీ ఆగవు, అది గుర్తుంచుకోండి.

6. స్వాధీన ప్రకటన అంటిస్తే

మొదట వచ్చేది చాలావరకు కాగితం మీది స్వాధీనమే. తలుపుకు నోటీసు అంటిస్తారు, ఏడు రోజుల్లో రెండు పత్రికల్లో వేస్తారు. మీరు ఇంట్లోనే ఉంటారు. నిజంగా ఖాళీ చేయించాలంటే బ్యాంకు 14వ సెక్షన్ కింద నగరాల్లో చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్‌కు, జిల్లాల్లో కలెక్టర్‌కు గానీ చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్‌కు గానీ దరఖాస్తు చేస్తుంది. “తాళం వేయలేదు కదా” అని ఊరుకోవద్దు. ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి మీకున్న 45 రోజుల గడువు కాగితం మీది స్వాధీనంతోనే మొదలవుతుంది. ఆగస్టు 20న అంటిస్తే అక్టోబరు 4తో అయిపోతుంది.

ఆ 45 రోజుల్లో 17వ సెక్షన్ కింద రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి వెళ్లాలి. మనకు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. మీ జిల్లా దేని పరిధిలోకి వస్తుందో దాఖలుకు ముందు రిజిస్ట్రీలో కనుక్కోండి. సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేసి డబ్బు పోగొట్టుకోకండి, 34వ సెక్షన్ దాన్ని అడ్డుకుంటుంది. హైకోర్టు రిట్ కూడా ట్రిబ్యునల్ ఉండగా మామూలుగా నిలవదు.

ఫీజు ఇలా ఉంటుంది. బాకీ 10 లక్షల లోపైతే ప్రతి లక్షకు గానీ అందులో భాగానికి గానీ 500 రూపాయలు. 10 లక్షలు, ఆపైన అయితే 5,000, దానికి తోడు 10 లక్షలు దాటిన ప్రతి లక్షకు 250, మొత్తం మీద లక్షకు మించదు. 38 లక్షల బాకీకి 5,000 + 7,000 = 12,000 రూపాయలు. బాకీలో ఇంత శాతం డిపాజిట్ చేస్తేనే దరఖాస్తు తీసుకుంటామన్న పాత నిబంధనను సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. అయితే స్టే ఇచ్చేటప్పుడు ట్రిబ్యునల్ కొంత కట్టమని షరతు పెట్టడం మామూలే, ఆ డబ్బు చేతిలో ఉంచుకోండి. గడువు తేదీకి ఆ షరతు తీర్చకపోతే స్టే దానంతటదే పోతుంది. ఓడితే అప్పీలు కోల్‌కతాలోని అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు, 30 రోజుల్లో. అక్కడ మాత్రం బాకీలో 50 శాతం కట్టాలి. తగ్గించినా 25 శాతానికి తగ్గదు.

“స్టే గ్యారంటీ” అని ముందే లక్షలు అడిగే మధ్యవర్తులను దగ్గరికి రానీయకండి. లాయరు ఖర్చు భరించలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు. ఫోన్ నంబరు 15100.

7. వేలం ప్రకటన: ఇక్కడ తలుపు మూసుకుంటుంది

2016 సవరణ తర్వాత 13(8) ప్రకారం వేలం ప్రకటన ప్రచురించే తేదీకి ముందే బాకీ, ఖర్చులతో సహా మొత్తం కట్టి ఆస్తి విడిపించుకోవాలి. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. ఆ తర్వాత బ్యాంకు ఒప్పుకుంటే వేరే సంగతి, మీరు హక్కుగా అడగలేరు. కట్టేటప్పుడు నోటీసులోని పాత అంకె కట్టి రాకండి. ఆ రోజుకు వడ్డీ, పత్రికా ప్రకటనల ఖర్చు, విలువ కట్టినవాళ్ల ఫీజు కలిపిన లెక్క రాతపూర్వకంగా తీసుకుని ఆ మొత్తమే కట్టండి.

వేలం నోటీసులో చూడాల్సినవి: ఆమోదిత వాల్యుయర్ చేత విలువ కట్టించారా, మీకు 30 రోజుల ముందు అమ్మకపు నోటీసు ఇచ్చారా, రిజర్వు ధర (వేలంలో కనీస ధర) అదే వీధిలో జరిగిన రిజిస్ట్రేషన్లతో పోలిస్తే ఎలా ఉంది. మొదటి వేలం విఫలమై మళ్లీ వేస్తే 15 రోజుల నోటీసు చాలు. కొన్నవాళ్లు పావు వంతు అదే రోజు గానీ మరుసటి పనిదినం లోపు గానీ కట్టాలి. మిగతాది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో. రాతపూర్వక ఒప్పందంతో ఈ గడువు మూడు నెలల దాకా పెరగొచ్చు. ఈ నియమాల్లో ఏది తప్పినా ట్రిబ్యునల్‌లో అడగొచ్చు, కానీ వెంటనే.

అమ్మగా వచ్చిన డబ్బులో బాకీ, ఖర్చులు పోను మిగిలింది మీదే. బ్యాంకు పిలిచి ఇచ్చేదాకా ఆగకండి. లెక్క పత్రం రాతపూర్వకంగా అడగండి. తక్కువ పడితే ఆ తేడా కోసం బ్యాంకు మీ మీద, హామీదారుల మీద డీఆర్‌టీకి వెళ్లగలదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

నోటీసు ఊళ్లోని పాత చిరునామాకు వెళ్తుంది, అమ్మానాన్నలు అర్థంకాక బీరువాలో పెడతారు. బ్యాంకులో ఈమెయిల్, చిరునామా ఈ రోజే మార్చండి. మీ తరఫున పనులు చూడటానికి ఇక్కడ ఎవరికైనా జీపీఏ (అధికార పత్రం) ఇస్తే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపండి, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి. అమెరికాలో ఉన్న ఇంటి సంగతి వేరు, ఆ రాష్ట్ర చట్టం చూడాలి.

ప్రైవేటు ఫైనాన్స్ అయితే

వడ్డీ వ్యాపారికి సర్ఫేసీ అధికారం లేదు. తాకట్టు ఉన్నా అతను సివిల్ కోర్టుకే వెళ్లాలి. ప్రమాదమంతా కాగితంలో ఉంటుంది. అప్పుకు హామీగా సేల్ డీడ్ రాయించుకుని, “డబ్బు కట్టాక తిరిగి రాసిస్తా” అని వేరే కాగితం ఇస్తారు. తిరిగి రాసిచ్చే షరతు అదే దస్తావేజులో లేకపోతే ఆస్తి బదిలీ చట్టం 58(సి) ప్రకారం దాన్ని తాకట్టుగా చూడరు, అమ్మకంగానే చూస్తారు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టకండి.

8. బాకీ తీరాక పని పూర్తయిందో లేదో ఇలా చూడండి

నో డ్యూ సర్టిఫికెట్ చేతికి రాగానే ఇంటికి వెళ్లిపోతారు, నాలుగేళ్ల తర్వాత అమ్మబోతే ఈసీలో తాకట్టు కనపడుతుంది. కాబట్టి:

- అసలు దస్తావేజులు 30 రోజుల్లో తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం. 2023 డిసెంబరు 1 నుంచి ఈ నియమం ఉంది. లోను ఇచ్చిన రోజు జాబితాతో లింక్ డాక్యుమెంట్లు సహా ఒక్కొక్కటీ సరిచూసుకునే సంతకం పెట్టండి.
- దస్తావేజుల డిపాజిట్ పత్రం సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ అయి ఉంటే విడుదల పత్రం కూడా రిజిస్టర్ చేయించాలి. తర్వాత కొత్త ఈసీ తీసి అది పడిందో చూడండి.
- సెర్సాయ్‌లో మళ్లీ వెతికి తాకట్టు తొలగిందని నిర్ధారించుకోండి.
- రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టు తీయండి. తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం వస్తుంది.
- ట్రిబ్యునల్‌లో కేసు ఉంటే ముగిసినట్టు ఆర్డరు కాపీ తీసుకుని దస్తావేజులతో పాటే భద్రపరచండి.